చెయ్యి ఆగినా ఆగని తోపడ

మా ఇంట్లో ప్రతి పనిముట్టుకూ రెండు పేర్లు. బడిలో చదివింది గరగస, ఇంట్లో అనేది రంపం. పుస్తకంలో కీసుళి, పనిచోట తోపడ. మా ముత్తాత నాయన కాలంలో పుంగనూరు పక్క నుంచి వడ్ల పని వెతుక్కుంటా వచ్చి ముళబాగిలు దగ్గర నిలిచిపోయిన కుటుంబం మాది. కోలారు జిల్లాలో ఇట్లాంటి ఇండ్లు ఎన్నో. మేమంతా కన్నడ మీడియంలో చదివినవాళ్ళమే. తెలుగు మాట ఇంట్లోది, తెలుగు అక్షరం తర్వాత కూడబలుక్కుని నేర్చుకున్నది. మా అన్నదమ్ముల్లో చిన్నవాడికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. ఇది రాసే చెయ్యి వాడిదే అయినా, మాట ఇంటిల్లిపాదిదీ.

తోపడకు మూడో పేరు రెండేండ్ల కిందట మా ఇంట్లోకి వచ్చింది. పాత ఇల్లు విప్పినప్పుడు వేప వాసాలు, టేకు తలుపు పలకలు, ఒక పనస దూలం మిగిలినాయి. వాటితో కొత్తింటికి ఉయ్యాల బల్ల, రెండు బెంచీలు, దేవుడి గదికి తలుపు చెయ్యాలని నాయన ఆశ. నాయనకు 68 ఏండ్లు. పన్నెండో ఏట తోపడ పట్టిన మనిషి. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు. అంత చెక్కనూ చేత్తో నునుపు చెయ్యాలంటే నెలలు పడుతుందని అన్న కరెంటు ప్లేనర్ ఒకటి కొన్నాడు. నాయన దానికి ఆ పూటే పేరు పెట్టేసినాడు, "తోపడ మిషన్" అని.

పేరు బాగుంది. చిక్కు కూడా ఆ పేరులోనే ఉంది. తోపడ అని పిలిస్తే చేతులు కూడా దాన్ని తోపడే అనుకుంటాయి. యాభై ఆరేండ్లుగా నేర్చుకున్న అలవాట్లన్నీ తెచ్చి దాని మీద పెడతాయి. కొత్తగా నేర్చుకునేవాడు భయంతో నాలుగడుగులు వెనక నిలబడతాడు. పనితనం ఉన్న చెయ్యికి ఆ భయం ఉండదు. ఇట్లాంటి మిషన్ పెద్దలున్న ఇంటికి వచ్చినప్పుడు మొదట చూసుకోవలసింది ఆ అలవాట్లనే అని మాకు అర్థమైంది. ఎట్లా అర్థమైందో చెప్పాలంటే ముందు మిషన్ సంగతి, ఆ తర్వాత పెదనాయన సంగతి చెప్పాలి.

చేతి తోపడలో ఒక ఇనుప బ్లేడు, దాన్ని బిగించే చీలిక, పట్టుకునే కొయ్య దిమ్మ, అంతే. బ్లేడు కదలదు. మనం తోస్తే మొత్తం కదులుతుంది, మనం ఆపితే మొత్తం ఆగుతుంది. కరెంటు ప్లేనర్ లోపల బొంగరం తిరిగినట్టు తిరిగే డ్రమ్ము ఒకటి ఉంటుంది. దానికి ఎదురెదురుగా రెండు బ్లేడ్లు. బజారులో మామూలుగా దొరికేవాటికి 82 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడ్లు ఉంటాయి. ఆ డ్రమ్ము నిమిషానికి దాదాపు 16,000 చుట్లు తిరుగుతుంది. రెండు బ్లేడ్లు కాబట్టి నిమిషానికి 32,000 కోతలు, అంటే సెకనుకు అయిదు వందల పైన. ఈ లెక్క చెప్తే నాయన కాసేపు మాట్లాడలేదు. "మనం దినమంతా తోసినా అన్ని తోపులు రావు కదరా" అన్నాడు.

ఇంకొక సంగతి ఈ అంకె కన్నా ముఖ్యం. మీట వదిలినా డ్రమ్ము వెంటనే ఆగదు. తిరిగిన ఊపులో ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతానే ఉంటుంది. మా మిషన్‌కు ఫోనులో గడియారం పెట్టి చూస్తే ఆరేడు సెకన్లు పట్టింది. చప్పుడు తగ్గిపోతుంది, చెవికి ఆగిపోయినట్టే ఉంటుంది, అడుగున బ్లేడు మాత్రం తిరుగుతా ఉంటుంది. చెయ్యి ఆగినా ఆగని తోపడ ఇది.

పెదనాయన మా వంశంలో అందరికన్నా మంచి పనివాడు. ఆయన చేసిన దారబందాలు ముళబాగిలు చుట్టుపక్కల ఇప్పటికీ ఒక జానెడు సందు లేకుండా నిలబడి ఉన్నాయి. 2006లో బెంగళూరులో ఒక కట్టడం పనికి పోయినప్పుడు అక్కడ అద్దెకు తెచ్చిన ప్లేనర్‌తో తలుపులు దిగ్గొడతా ఉన్నాడంట. పచ్చి చెక్క. పొట్టు బయటికి పోయే దారిలో ఇరుక్కుంది. ఆయన మీట వదిలి, మిషన్ తిప్పి, పొట్టును వేలితో తోసినాడు. చేతి తోపడ నోట్లో పొట్టు ఇరుక్కుంటే మా ఇంట్లో అందరూ చేసే పనే అది. రోజుకు వందసార్లు చేసే పని. ఎడమ చేతి రెండు వేళ్ళ కొసలు పోయినాయి.

ఆ తర్వాత ఆయన పని మానలేదు గానీ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు. ఇంట్లో ఎవరూ అడగరు. చాలా ఏండ్లు మేము దాన్ని "మిషన్ వల్ల అయింది" అనే అనుకున్నాం. మిషన్ పాతది, అద్దెది, చూసేవాళ్ళు లేరు, అన్నీ నిజమే. కానీ ఆ రోజు వేలిని లోపలికి తీసుకుపోయింది ముప్పై ఏండ్ల పనితనం. మా టెస్టింగు పనిలో దీనికి దగ్గరి పోలిక ఒకటి ఉంది. పాత సాఫ్ట్‌వేరు తీసి కొత్తది పెట్టినప్పుడు ఎక్కువ గందరగోళం చేసేది కొత్తగా చేరిన వాళ్ళు కాదు. కండ్లు మూసుకుని పాత మీటలు నొక్కే అలవాటున్న వాళ్ళు. వాళ్ళ వేళ్ళు తెర చూడవు. అందుకని కొత్తది ఇచ్చే ముందు పాత అలవాట్లు రాసుకుని, ఒక్కొక్కటీ కొత్తదాని మీద ఏం చేస్తుందో పరీక్షిస్తాం.

నాయన చేతులకూ అదే చేసినాం. మిషన్ పెట్టె తెరవక ముందు రెండు ఆదివారాలు నాయన పక్కన కూర్చుని, ఆయన చేతి తోపడతో పని చేస్తా ఉంటే చూసి రాసుకున్నాం. "నన్నేమి పరీక్ష చేస్తారప్పా" అని నవ్వినాడు గానీ చేసి చూపించినాడు. రాసుకున్నవి ఏడు. ఒక్కొక్కటే చెప్తాం.

మొదటిది, దింపడం. చేతి తోపడను కింద పెట్టేటప్పుడు నాయన ఎప్పుడూ పక్కకు పడుకోబెడతాడు. బ్లేడు నేలకు తగిలి వాదర పోకుండా. పిల్లప్పుడు నిలువుగా పెట్టినందుకు మా అందరికీ మొట్టికాయలు పడినాయి. ఆ అలవాటు బ్లేడును కాపాడేది. ఇక్కడ కాపాడుకోవలసింది మన చెయ్యి, కాలు, పక్కన ఉన్న వైరు. మిషన్‌ను తిరుగుతా ఉండగా పక్కకు పడుకోబెడితే డ్రమ్ము మన వైపు చూస్తా ఉంటుంది, వైరు తగిలితే కోసేస్తుంది. అందుకని డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా రెండు చేతుల్లోనే పట్టుకుని, తర్వాత దింపుతాం. చాలా మిషన్లకు వెనక అడుగున స్ప్రింగుతో ఒక చిన్న కాలు ఉంటుంది. పైకి లేపగానే అది దిగి బ్లేడును బల్లకు తగలకుండా నిలుపుతుంది. అది సరిగ్గా దిగుతుందో లేదో పని మొదలు పెట్టే ముందు చూస్తాం. ఎంతసేపు పట్టుకోవాలి అంటే, మీట వదిలినాక పది లెక్కపెట్టాలి. గట్టిగా, నోటితో.

రెండోది, బొటనవేలు. బ్లేడు ఎంత బయటికి వచ్చిందో నాయన కంటితో చూడడు. తోపడ తిప్పి అడుగు మీద బొటనవేలు అడ్డంగా పోనిస్తాడు. వెంట్రుక మందం తేడా కూడా చెప్తాడు. ఈ అలవాటు మాన్పించడం అన్నిటికన్నా కష్టమైంది. ప్లేనర్‌లో లోతు చూసుకోవడానికి ముందర ఒక గుండ్రటి పిడి ఉంటుంది. అది తిప్పితే ముందరి అడుగు పలక పైకి కిందికి జరుగుతుంది, ఎంత లోతు అనేది దాని మీదే అంకెల్లో ఉంటుంది. వెనక పలక కదలదు, బ్లేడు కొస ఆ వెనక పలకతో సమానంగా ఉండాలి. రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. అది చూడాలంటే ప్లగ్గు పీకేసి, వెనక పలక మీద ఇనుప స్కేలు ఆనించి, డ్రమ్మును పుల్లతో మెల్లిగా తిప్పితే బ్లేడు కొస స్కేలుకు తాకీతాకనట్టు పోవాలి. నాయనకు ఈ స్కేలు పద్ధతి నచ్చింది, మూలమట్టం పెట్టి చూసినట్టే ఉందని.

మూడోది, పొట్టు. పెదనాయన సంగతి ఇదే. పొట్టు ఇరుక్కుంటే మీట వదలాలి, పది లెక్కపెట్టాలి, ప్లగ్గు పీకాలి, ఆ తర్వాత పుల్లతో తియ్యాలి. వేలు ఎప్పటికీ లేదు. ప్లగ్గు పీకినా లేదు, ఎందుకంటే బ్లేడు ఆగి ఉన్నా బ్లేడే. పచ్చి చెక్క, జిగురున్న చెక్క అయితే ఎక్కువ ఇరుక్కుంటుంది. లోతు తగ్గించి పట్టితే తక్కువ.

నాలుగోది, కాలు. నాయన నేల మీద కూర్చుని, పలకను గోడకు ఆనించి, కాలి వేళ్ళతో అదిమి తోపడ పడతాడు. పాతకాలం వడ్ల పని అంతా అట్లే. మిషన్‌తో ఇది ఎంతమాత్రం కుదరదు. చెక్క బల్ల మీద ఉండాలి, క్లాంపులు రెండు చోట్ల బిగించాలి, మనిషి నిలబడాలి, మిషన్ మీద రెండు చేతులూ ఉండాలి. ఒక చెయ్యి చెక్కను పట్టుకుంది అంటే ఆ చెయ్యి బ్లేడు దారిలో ఉన్నట్టే. దీని కోసం నాయన నడుము ఎత్తుకు మేమే ఒక బల్ల చేసినాం. "ఈ వయసులో నిలబడి పని నేర్పిస్తా ఉండారు" అని గొణిగినాడు. నెలకు ఆయన మోకాళ్ళ నొప్పి తగ్గింది, గొణుగుడు కూడా తగ్గింది.

అయిదోది, వెనక్కి లాగడం. చేతి తోపడను ముందుకు తోసి, చెక్క మీదే వెనక్కి జార్చుకుని, మళ్ళీ తోస్తాం. మిషన్‌ను అట్లా వెనక్కి లాగితే అది ఎగురుతుంది, చెక్కను చెడగొడుతుంది. ముందుకు పోయినాక ఎత్తి, మొదటికి తెచ్చి, మళ్ళీ పెట్టాలి. పెట్టే ముందే మీట నొక్కి డ్రమ్ము పూర్తి వేగం అందుకోవాలి. చెక్కకు ఆనించి మీట నొక్కితే మిషన్ ఒక్కసారిగా దూకుతుంది.

ఆరోది, చిన్న ముక్కలు. నాయన జానెడు ముక్కను కూడా చేత్తో పట్టుకుని తోపడ పట్టేస్తాడు. మిషన్ అడుగు పలక కన్నా పొట్టిగా ఉన్న చెక్క మీద మేము మిషన్ పట్టం. ఆనుకోవడానికి చోటు లేక అది తూలుతుంది. అట్లాంటివి ఇప్పటికీ చేతి తోపడకే. సన్నటి తలుపు అంచు మీద కూడా మిషన్ పక్కకు ఒరుగుతుంది. మిషన్‌తో వచ్చే పక్క అడ్డు బిగించాలి, లేదా తలుపు పక్కన ఇంకొక చెక్కను సమంగా బిగించి ఆనిక వెడల్పు చేసుకోవాలి.

ఏడోది, భుజం మీద తువ్వాలు. నాయన పంచె, తువ్వాలు లేకుండా పనిచోటికి రాడు. తువ్వాలు చెమటకు, దుమ్ముకు, చెక్క తుడవడానికి, అన్నిటికీ. తిరిగే మిషన్ దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదు. తువ్వాలు, పంచె కొస, వదులు చొక్కా చెయ్యి, చేతి కడియం, ఆడపిల్లల జడ, చున్నీ. ఇప్పుడు పనిచోటి గుమ్మం పక్కన ఒక మొల కొట్టినాం. తువ్వాలు అక్కడ వేలాడుతుంది, నాయన నిక్కరులో లోపలికి వస్తాడు. మొదటి దినం అమ్మ చూసి నవ్విన నవ్వు వీధి చివరికి వినిపించింది.

ఈ ఏడూ మార్చుకోవలసినవి. ఇంకొక వైపు కూడా చెప్పాలి. చెక్క గురించి నాయనకు తెలిసింది ఏదీ మారలేదు. నార ఎటు పోతా ఉందో చూసి ఆ దారిలోనే తోపడ పట్టాలి. ఎదురు పోతే చెక్క చీలి పెచ్చులు లేస్తాయి. ఇది చేతి తోపడకూ అంతే, మిషన్‌కూ అంతే. ముడి ఉన్న చోట లోతు తగ్గించాలి, మెల్లిగా పోవాలి. మొదట పెట్టేటప్పుడు ముందరి పిడి మీద బరువు, చివర బయటికి పోయేటప్పుడు వెనక పిడి మీద బరువు. లేకపోతే చెక్క రెండు కొసల్లోనూ గుంట పడుతుంది. దీన్ని మేము చదివి తెలుసుకున్నాం, నాయనకు చెప్పబోతే "తోపడ పట్టేది అట్లే కదా" అన్నాడు. ఒక సంగతి మిగిలింది. మిషన్ బలంగా ఉందని లోతు ఎక్కువ పెట్టకూడదు. మేము అర మిల్లీమీటరుతో మొదలు పెడతాం, గట్టి వేపకు అంతకన్నా పైకి పోము. నాలుగుసార్లు పోనిచ్చినా పలచగా పోతేనే నునుపు వస్తుంది, చెయ్యి కూడా మన మాట వింటుంది.

అందుకని పని రెండుగా పంచుకున్నాం. ఏ చెక్కకు ఏ దిక్కు, ఎంత లోతు, ఎక్కడ ముడి అనేది నాయన బలపంతో గీత గీసి చెప్తాడు. దాని తర్వాతే మిషన్ కదులుతుంది. చివరి నునుపు మాత్రం మిషన్‌ది కాదు. మిషన్ బాగా పట్టినా వెలుగులో అడ్డంగా చూస్తే చిన్న అలలు కనపడతాయి. వాటిని నాయన చేతి తోపడతో రెండు తోపుల్లో తీసేస్తాడు. ఆ రెండు తోపులకు ఆయన భుజం సహకరిస్తుంది.

పాత ఇంటి చెక్కతో పని చేసేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. మొలలు. వందేండ్ల వాసంలో మొల తల విరిగిపోయి లోపల ఉండిపోతుంది, పైన మసి, సున్నం. చేతి తోపడకు తగిలితే వాదర పోతుంది, సానరాయి మీద అరగంట పని. మిషన్‌కు తగిలితే బ్లేడు ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు. ముందు ఇనుప బ్రష్షుతో రుద్ది, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని చెక్క పొడవునా పోనిస్తాం. ఎక్కడ అంటుకుంటే అక్కడ గుర్తు. ఒక్క పనస దూలంలోనే పదకొండు మొలలు దొరికినాయి. పాత రంగు వేసిన పలకల మీద మిషన్ పట్టకుండా పక్కన పెట్టినాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, దాన్ని దుమ్ము చేసి పీల్చుకోవడం మంచిది కాదు.

బ్లేడ్ల సంగతి. మా మిషన్‌వి రెండు వైపులా వాదర ఉన్న కార్బైడ్ బ్లేడ్లు. ఒక వైపు మొద్దుబారితే తిప్పి పెట్టుకోవచ్చు, రెండో వైపూ పోతే పారెయ్యడమే. సాన పట్టడానికి పనికిరావు. పారెయ్యడం నాయన వల్ల కాదు, ఒక పాత డబ్బాలో దాచినాడు. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలి, లేకపోతే బరువు తేడాకు డ్రమ్ము అదురుతుంది. బోల్టులన్నీ మిషన్‌తో వచ్చిన పానాతో బిగించి, ఇంకొకరు మళ్ళీ చూడాలి. వదులు బోల్టుతో అంత వేగంలో బ్లేడు బయటికి వస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. మార్చేటంతసేపూ ప్లగ్గు గోడలో ఉండకూడదు, కంటి ముందర బల్ల మీద ఉండాలి. "పీకేసినాను" అనే మాట చాలదు, ప్లగ్గు కనపడాలి.

కరెంటు గురించి మన ఊర్లవాళ్ళు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. మిషన్ మీట నొక్కి పట్టకుండా అట్లే నిలిచిపోయేటట్టు చాలా వాటికి ఒక చిన్న గుబ్బ ఉంటుంది. అది నొక్కి ఉండగా కరెంటు పోయిందనుకోండి. మనం "పోయిందిలే" అని మిషన్ పక్కన పెట్టి కాఫీకి పోతాం. కరెంటు వచ్చినప్పుడు మిషన్ తనంతట తానే లేస్తుంది. అందుకని ఆ గుబ్బ మేము వాడము. కరెంటు పోతే మొదటి పని ప్లగ్గు పీకడం. వైరు ఎప్పుడూ భుజం మీదుగా వెనక్కి, బ్లేడు దారిలోకి రాకుండా. మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం, రెండు పుల్లల ప్లగ్గు అందుకే వస్తుంది. అయినా పనిచోటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించినాం. వైరు తెగి మనిషికి తగిలితే అది క్షణంలో కరెంటు ఆపుతుంది.

కండ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, చెవులకు మూతలు. ఈ మూడింటికీ నాయన ఒప్పుకున్నది వేరే వేరే రోజుల్లో. పొట్టు ఎగిరి కనురెప్పకు తగిలిన రోజు అద్దాలకు ఒప్పుకున్నాడు. మాస్కుకు కారణం ఆయన దగ్గు. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 1995లో ప్రచురించిన నివేదికలో మనుషులకు క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది. టేకు దుమ్ముకు చర్మం దురద పెట్టడం ఆయనకు పాత అనుభవమే. చెవి మూతలకు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. "చప్పుడు వింటేనే కదరా చెక్క ఏమంటా ఉందో తెలిసేది" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. చేతి తోపడ చప్పుడులోనే నార ఎదురైందా, వాదర తగ్గిందా అనేది ఆయన చెప్పేస్తాడు. కానీ 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ గంటల కొద్దీ ఉంటే వినికిడి తగ్గుతుంది, ప్లేనర్ చప్పుడు మామూలుగా దాన్ని దాటే ఉంటుంది. "చెక్క మాట వినాలంటే చెవులు మిగలాలి కదా నాయనా" అని అమ్మ అన్నాక పెట్టుకున్నాడు. మూతలు పెట్టుకున్నా మిషన్ కష్టపడతా ఉందో లేదో తెలుస్తానే ఉంది. చెవులు మూసి ఉన్నవాళ్ళను వెనక నుంచి తట్టకూడదు. కాఫీ తెచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి.

ఇవన్నీ ఒక అట్ట మీద రాసి పనిచోటి గోడకు తగిలించినాం. మాటలు తెలుగు, అక్షరాలు కన్నడవి. నాయనకు తెలుగు అక్షరాలు రావు, కన్నడ మాటల్లో రాస్తే అది ఆఫీసు నోటీసు లాగా ఉంటుంది, ఇంటి మాట లాగా ఉండదు. మన పక్క చాలా ఇండ్లలో పెండ్లి పాటలు, బాకీ లెక్కలు ఇట్లే రాసుకున్నారు, ఇది కొత్తేమీ కాదు. "పది లెక్కపెట్టు", "ప్లగ్గు కనపడాలి", "తువ్వాలు మొలకు" అని చిన్న చిన్న మాటలే. 

అన్న కూతురికి పద్నాలుగేండ్లు. మిషన్ తానూ పడతానని మొదటి దినం నుంచే పట్టు. మిషన్ చిన్నపిల్లలకు కాదు, అందులో వాదన లేదు. అయితే దూరంగా తోసేస్తే దొంగతనంగా పడుతుందని వదిన భయపడింది. అందుకని ఆమెకు రెండు పనులు ఇచ్చినాం. ఒకటి, చేతి తోపడ. వారానికి ఒక పూట తాత దగ్గర నేర్చుకుంటుంది. నార చూడడం, వాదర తియ్యడం ఇప్పుడే బాగా వచ్చింది. రెండోది, లెక్క. మిషన్ పని నడిచేటప్పుడు అద్దాలు, చెవి మూతలు పెట్టుకుని గుమ్మం బయట స్విచ్చుబోర్డు దగ్గర నిలబడి, అట్ట మీద ఉన్నవి ఒక్కొక్కటీ అయినాయో లేదో చూస్తుంది. ఆమె సరే అంటేనే ప్లగ్గు పెడతాం. తాత మీట వదిలినప్పుడు వేళ్ళు చూపించి పది లెక్కపెడుతుంది. ఎనిమిదికే దింపబోతే "తాతా!" అని స్విచ్చి ఆర్పేస్తుంది. మనవరాలి మాటకు నాయన ఎదురు చెప్పడు, మా మాట అయితే పది సాకులు.

అట్ట మీద చివరి మాట మాది కాదు. ఉగాదికి పెదనాయన వచ్చినప్పుడు పనిచోటికి పోయి అట్ట అంతా నిదానంగా చదివినాడు. మేమెవ్వరం ఏమీ అనలేదు. కొంతసేపటికి పాపను పిలిచి, పెన్ను తెమ్మని, తానే చెప్పి రాయించినాడు: "తొందర పడినప్పుడు మిషన్ ఆపి బయటికి రా. తలుపు రేపు కూడా ఉంటుంది." ఆ రోజు సాయంత్రంలోగా పని ముగించమని తొందర చేసినారని, అందుకే పది క్షణాలు ఆగలేదని అప్పుడు చెప్పినాడు. ఇన్నేండ్లలో ఆ సంగతి ఆయన నోట మేము విన్నది అదే మొదలు. మేము రాసుకున్న ఏడు అలవాట్లలో లేనిది అది.

మన ఇండ్లలో చాలా చోట్ల ఇట్లాంటి పెద్దలు ఉన్నారు. చేతి పని తెలిసినవాళ్ళు, పిల్లలు కొనిచ్చిన మిషన్లు ముందర పెట్టుకున్నవాళ్ళు. ప్లేనర్ కావచ్చు, గ్రైండరు కావచ్చు, కరెంటు రంపం కావచ్చు. మిషన్‌తో వచ్చే పుస్తకం కొత్తవాడి కోసం రాసింది. అందులో మన నాయన అలవాట్లు ఉండవు. అవి తెలియాలంటే పక్కన కూర్చుని ఆయన పని చూడాలి, రాసుకోవాలి, ఒక్కొక్కటీ కొత్త మిషన్ మీద ఏం చేస్తుందో ఆయనతోనే కలిసి ఆలోచించాలి. ఆయన పనితనం తక్కువ అని కాదు, ఆయన వేళ్ళు మనకు కావాలి కాబట్టి అని చెప్పాలి. మా ఇంట్లో బెంచీలు రెండూ అయినాయి, ఉయ్యాల బల్ల మీద ఇప్పుడు అమ్మ కూర్చుంటా ఉంది. దేవుడి గది తలుపు ఇంకా కాలేదు. పెదనాయన చెప్పినట్టు అది రేపు కూడా ఉంటుంది.